'ఇబ్బందుల' జాబితాలో గృహిణి: డిగ్రీ తరగతిలో స్థూల అర్థశాస్త్రం

(మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణ శిబిరంలో ఒక డిగ్రీ కళాశాల అర్థశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ విద్యార్థులకు స్థూల అర్థశాస్త్రం ఎలా బోధించాలన్న విషయం మహిళా కార్యకర్తల శిబిరంలో ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మనం హింస గురించి, భూమి హక్కు గురించి, కనీస వేతనాల గురించి మాట్లాడుకుంటాం. జాతీయాదాయం, ద్రవ్యోల్బణం, బడ్జెట్ లోటు వంటివి పరీక్ష రాసే పిల్లలకూ, పత్రికల్లో వ్యాపార పేజీలు చదివేవాళ్ళకూ సంబంధించినవని వదిలేస్తాం. కాని మనం ఏ డిమాండుతో ఏ కార్యాలయం మెట్లెక్కినా చివరికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "డబ్బు ఎక్కడి నుంచి తెమ్మంటారు?" ఆ ప్రశ్న దగ్గర మన నోరు మూతపడుతుంది. ఎందుకంటే అడిగే అధికారీ, పక్కన కూర్చున్న విలేఖరీ, వింటున్న మనమూ 'పని', 'ఉత్పత్తి', 'ఖర్చు', 'పొదుపు' అన్న మాటలకు ఒకే అర్థం ఉందనుకుంటాం. ఆ అర్థాలను ఖాయం చేసేది డిగ్రీలో చెప్పే ఈ తొలి పాఠాలే.

మనందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల్లోంచి పుట్టిన సారా వ్యతిరేక కదలిక రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించినప్పుడు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఖజానాకు తగ్గిన ఆదాయం. స్త్రీలు అడిగింది ఇంటి లెక్క. ప్రభుత్వం చెప్పింది ఖజానా లెక్క. తరగతిలో మేము ఎక్సైజు సుంకాన్ని "రాష్ట్ర ప్రభుత్వ ఆదాయ వనరు" అని రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్ళిపోతాం. ఒకరి ఖర్చే మరొకరి ఆదాయం అన్నది స్థూల అర్థశాస్త్రపు మొదటి సూత్రం. ఖజానాకు చేరిన ప్రతి సారా రూపాయీ ఏదో ఒక కూలి ఇంటి గడప దాటి వచ్చిందే అని చెప్పటానికి ఆ సూత్రమే చాలు. కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. ఉన్న పాఠాన్నే రెండు వైపుల నుంచీ చెప్పాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది అదే.

నిర్వచనం కంఠతా, ప్రశ్న మాయం

జాతీయాదాయం పాఠం అనగానే పిల్లలు మూడు పేర్లు చెబుతారు. మార్షల్, పిగూ, ఫిషర్. ముగ్గురి నిర్వచనాలూ కంఠతా వస్తాయి. సమాజపు ఆదాయంలో డబ్బుతో కొలవగలిగినదే జాతీయాదాయం అన్నది పిగూ చెప్పిన దాని సారాంశం. అయితే ఆ నిర్వచనంలోని చిక్కును ఎత్తి చూపింది కూడా పిగూయే. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే వంటమనిషిని పెళ్ళి చేసుకుంటే జాతీయాదాయం తగ్గుతుంది అన్నాడు, 1920లో వచ్చిన తన పుస్తకంలో. అదే వంట, అదే పొయ్యి, అదే మనిషి. జీతం ఆగిపోయింది కాబట్టి ఉత్పత్తి ఆగిపోయినట్టు లెక్క. నిర్వచనం గైడ్లలో ఉంటుంది. ఈ చిక్కు ఉండదు.

చాలా పాఠ్యపుస్తకాల్లో ఈ అధ్యాయం మొత్తం మీద స్త్రీ కనిపించేది ఒక్కచోట. 'జాతీయాదాయ గణనలో ఇబ్బందులు' అన్న శీర్షిక కింద, నాలుగో అంశమో ఐదో అంశమో, "గృహిణుల సేవలను లెక్కించటం కష్టం" అని ఒక్క వాక్యం. నల్లధనం, వస్తుమార్పిడి, నిరక్షరాస్యత, వాటి పక్కన గృహిణి. పిల్లలు దాన్ని ఒక మార్కు కోసం రాస్తారు. తన తల్లి దేశపు లెక్కల్లో ఒక 'ఇబ్బంది'గా ఉందని ఆ అమ్మాయికి తట్టదు. తట్టేలా చెయ్యటం అధ్యాపకుల పని.

ఇంకో ముఖ్య విషయం కూడా చెప్పాలి. ఈ లెక్కల హద్దులు ప్రకృతిలోంచి ఊడిపడలేదు. మనుషులు కూర్చుని గీసినవి. మన దేశంలో 1949లో మహలనోబిస్ అధ్యక్షతన, డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులుగా జాతీయాదాయ సంఘాన్ని వేశారు. ఐక్యరాజ్య సమితి జాతీయ లెక్కల పద్ధతిని 1953లో రూపొందించి, తర్వాత పలుమార్లు సవరించింది. న్యూజీలాండ్ పార్లమెంటు మాజీ సభ్యురాలు మెరిలిన్ వారింగ్ 1988లో రాసిన పుస్తకం ఈ పద్ధతిని స్త్రీల వైపు నుంచి నిలదీసింది. 1993 సవరణలో ఇంటి వాడకం కోసం తెచ్చే కట్టెలు, మోసుకొచ్చే నీళ్ళు కూడా ఉత్పత్తే అని రాసుకున్నారు. వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ మాత్రం గీతకు అవతలే ఉండిపోయాయి. అంటే బిందెతో నీళ్ళు ఇంటికి మోస్తే ఉత్పత్తి. అవే నీళ్ళతో ఎసరు పెడితే ఉత్పత్తి కాదు. గీత ఎక్కడ ఉందో పిల్లలకు చూపిస్తే, అది జరగగల గీత అని వాళ్ళకే అర్థమవుతుంది.

ఒక రోజు, మూడు గళ్ళు

నేను తరగతిలో చేయించే ఒక పని చెబుతాను. మీ శిబిరాల్లోనూ చేయించవచ్చు. ప్రతి విద్యార్థీ ఇంట్లో ఒక స్త్రీ ఒక రోజంతా ఏం చేసిందో గంటల వారీగా రాసుకురావాలి. తెచ్చిన పనులను నల్లబల్ల మీద మూడు గళ్ళలో వేస్తాం. డబ్బు వచ్చే పని ఒక గడి. డబ్బు రాకపోయినా జాతీయ లెక్కల నియమాల ప్రకారం ఉత్పత్తి అయ్యేవి - పాడి పశువుల పని, పొలంలో కుటుంబపు పని, కట్టెలు, నీళ్ళు - రెండో గడి. ఏ లెక్కకూ రానివి మూడో గడి.

మొదటిరోజు మగపిల్లలు తెచ్చే కాగితాల్లో చాలావాటిలో అమ్మ రోజు ఉదయం ఏడింటికి మొదలవుతుంది. అది వాళ్ళు నిద్రలేచే వేళ. అమ్మను అడిగి రాయమని మళ్ళీ పంపుతాను. రెండోసారి తెచ్చే కాగితం నాలుగున్నరకో ఐదింటికో మొదలవుతుంది. గణాంకాల సేకరణ అనే పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఎవరిని అడిగామన్న దాన్ని బట్టే జవాబు ఉంటుంది.

తర్వాత ప్రభుత్వం వేసిన లెక్కలు చూపిస్తాను. కేంద్ర గణాంక సంస్థ 1998 జులై నుంచి 1999 జూన్ వరకు ఆరు రాష్ట్రాల్లో మొదటి కాలవినియోగ సర్వే చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటికీ కలిపి 2019లో చేశారు. ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని, ఆ పనిలో చెయ్యి పెట్టే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అసలు చెయ్యి పెట్టేవాళ్ళు స్త్రీలలో 81 శాతం, పురుషుల్లో 26 శాతం. 2024లో మళ్ళీ చేస్తే స్త్రీల నిమిషాలు 289, పురుషులవి 88. ఐదేళ్ళలో స్త్రీలకు తగ్గింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల పని మగవాళ్ళకు బదిలీ కాలేదన్నది రెండో అంకె చెబుతోంది.

పని వెతుక్కోవటం మానేస్తే నిరుద్యోగం పోతుంది

రెండో పాఠం నిరుద్యోగం. దీన్ని సూత్రంగా కాక చిన్న ఊహా లెక్కగా చెబుతాను. ఒక ఊళ్ళో వంద మంది వయోజన స్త్రీలు ఉన్నారనుకోండి. 30 మందికి పని ఉంది. ఐదుగురు పని వెతుక్కుంటున్నారు. 65 మంది 'ఇంటి దగ్గర' ఉన్నారు. నిరుద్యోగ రేటు ఎంత? పిల్లలు టక్కున 5 శాతం అంటారు. కాదు. వందలో ఐదు కాదు, శ్రామిక శక్తి అయిన 35లో ఐదు. అంటే 14 శాతం పైచిలుకు. ఆ ఐదుగురూ తిరిగి తిరిగి విసిగి, వెతకటం మానేసి ఇంట్లో కూర్చున్నారనుకోండి. నిరుద్యోగ రేటు ఇప్పుడు సున్నా. ఊళ్ళో ఒక్క కొత్త పనీ పుట్టలేదు. అంకె మాత్రం అద్భుతంగా ఉంది.

కాబట్టి నిరుద్యోగ రేటు ఒక్కటే చూడవద్దని, పక్కనే శ్రామిక శక్తిలో పాల్గొనే వాళ్ళ శాతం చూడమని చెబుతాను. అధికారిక శ్రామిక శక్తి సర్వే ప్రకారం 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో ఇది 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఈ పెరుగుదలను చూసి సంతోషించే ముందు ఇంకో ప్రశ్న వెయ్యాలి. ఏ రకం పని పెరిగింది? 2023-24లో పనిలో ఉన్న స్త్రీలలో మూడో వంతుకు పైగా సొంత కుటుంబపు పొలంలోనో కొట్లోనో జీతం లేని సహాయకులు. వాళ్ళను పనివాళ్ళుగా గుర్తించటం న్యాయమే. వాళ్ళ చేతికి రూపాయి రావటం లేదన్నదీ నిజమే. రెండూ కలిపి చెప్పకపోతే సగం పాఠమే అవుతుంది.

ఈ సర్వేల్లో వాడే సంకేతాలు కూడా మనం తెలుసుకోవాలి. ఇంటిపని మాత్రమే చేసేవారు 92. ఇంటిపనితో పాటు ఇంటి వాడకానికి కట్టెలు, కూరగాయలు, పశువుల మేత ఏరుకొచ్చేవారు, కుట్టుపని, నేతపని చేసుకునేవారు 93. ఈ రెండు రకాల వాళ్ళూ శ్రామిక శక్తికి బయటే. కట్టెలు తేవటం ఉత్పత్తి అని జాతీయ లెక్కల నియమం అంటుంది. తెచ్చిన మనిషి పనిమంతురాలు కాదని ఉపాధి సర్వే అంటుంది. వస్తువు లెక్కకు వచ్చింది, మనిషి రాలేదు. అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల 19వ సదస్సు 2013లో జీతం లేని ఇంటిపని కూడా 'పని' కిందికే వస్తుందని తీర్మానించింది. దాన్ని 'ఉపాధి'గా మాత్రం లెక్కించలేదు. మన వాదనకు ఇది ఉపయోగపడే మెట్టు.

ఎవరి బుట్ట, ఎవరి ధరలు

ధరల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది మనకు చేతికి తెలిసిన పాఠం. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ధరల సూచీ ఒక బుట్ట. 2012 ఆధార సంవత్సరంగా వేసిన వినియోగదారుల సూచీలో వందకు ఆహార పానీయాల వాటా మొత్తం మీద 45.86, గ్రామాల్లో 54.18, పట్టణాల్లో 36.29. అదంతా సగటు ఇంటి బుట్ట. ఒక కూలి ఇంట్లో వందకు 70 రూపాయలు తిండికే పోతాయనుకుందాం. తిండి ధరలు 10 శాతం, మిగతావి 2 శాతం పెరిగాయనుకుందాం. 46 శాతం వాటా వేస్తే సూచీ 5.7 శాతం దాకా పెరుగుతుంది. ఆ ఇంటికి పెరిగిన ఖర్చు 7.6 శాతం. వేతన సవరణ చర్చల్లో కూర్చునేటప్పుడు "ఏ సూచీ? ఎవరి బుట్ట?" అని అడగటం నేర్చుకుంటే, ఈ పాఠం సార్థకమైనట్టే.

పొదుపు అనే బదిలీ

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది బడ్జెట్. రాబడి ఇంత, ఖర్చు ఇంత, తేడా లోటు. లోటు ఎక్కువైతే ఖర్చు తగ్గించాలి. చూడటానికి కూడిక తీసివేతలే. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించి, అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు కోసం సంస్కరణలు మొదలుపెట్టినప్పుడు దేశం విన్నది ఈ లెక్కే. తర్వాతి కొన్నేళ్ళలో కేంద్రం చౌకడిపోల బియ్యం, గోధుమల జారీ ధరలను పలుమార్లు పెంచింది. బడ్జెట్ కాగితంలో దాని పేరు సబ్సిడీ తగ్గింపు.

తరగతిలో నేను అడిగే ప్రశ్న ఇది. ప్రభుత్వాసుపత్రిలో మంచాలు చాలక రోగిని పది రోజులకు బదులు నాలుగు రోజులకే ఇంటికి పంపారనుకోండి. ఆసుపత్రికి ఆరు రోజుల ఖర్చు మిగిలింది. మరి ఆ ఆరు రోజులూ రోగికి కట్టు మార్చేది, గంజి కాచేది, రాత్రి లేచి మందు వేసేది ఎవరు? ఆ ఇంటి కోడలో, కూతురో. ఆమె కూలి మానుకుంటే ఆ కూలి పోతుంది. కూతురు బడి మానుకుంటే చదువు పోతుంది. పని తగ్గలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి, జీతం ఉన్నచోటి నుంచి జీతం లేనిచోటికి బదిలీ అయింది. జాతీయాదాయం పాఠంలో ఆమె గంటలు లెక్కకు రావు కాబట్టే బడ్జెట్ పాఠంలో ఆ బదిలీకి 'పొదుపు' అని పేరు పెట్టగలిగాం. మొదటి అధ్యాయంలో వదిలేసిన ఒక్క వాక్యం ఆఖరి అధ్యాయంలో ఇంత పని చేస్తుంది.

రేషను తగ్గినా, వీధి కుళాయి ఎండినా, అంగన్‌వాడీ మూతపడినా ఇదే లెక్క. చివరికి ప్రభుత్వం తాను చేయించుకునే పనికి కూడా ఇంటిపని ముద్రే వేసింది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2005 తర్వాత వచ్చిన ఆశా కార్యకర్తలను స్వచ్ఛంద సేవకులన్నారు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు చెప్పటానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది.

2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ నివేదిక ఇస్తున్నారు. పూర్తిగా స్త్రీల కోసం అన్న పథకాలు ఒక భాగం, కనీసం 30 శాతం స్త్రీలకు అన్నవి మరో భాగం. మంచిదే. కాని అది స్త్రీలకు ఇచ్చిన రూపాయలు చెబుతుంది. స్త్రీల నుంచి తీసుకున్న గంటలు చెప్పదు. ఆ రెండో కాలమ్ కోసం అడగవలసింది మనమే.

అయితే వంటకు ధర కట్టాలా?

ఈ ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది. ఐక్యరాజ్య సమితి మానవాభివృద్ధి నివేదిక 1995లో ఒక అంచనా వేసింది. ప్రపంచంలో లెక్కకు రాని పని విలువ 16 లక్షల కోట్ల డాలర్లనీ, అందులో 11 లక్షల కోట్లు స్త్రీలదనీ చెప్పింది. ఆ అంకె వినగానే ఆడపిల్లల ముఖాలు వెలుగుతాయి. ఒక మగపిల్లవాడు లేచి, "మేడమ్, అమ్మ ప్రేమతో చేసేదానికి రేటు కడతామా?" అంటాడు. సగం తరగతి చప్పట్లు కొడుతుంది.

ఆ అబ్బాయికి నేను కోర్టు లెక్క చెబుతాను. ప్రమాదంలో ఒక గృహిణి చనిపోతే ఆమె కుటుంబానికి పరిహారం ఎంత? 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన రెండో షెడ్యూలు, సంపాదన లేని భాగస్వామి ఆదాయాన్ని సంపాదించే భాగస్వామి ఆదాయంలో మూడో వంతుగా లెక్కగట్టింది. రేటు కట్టవద్దన్నా కట్టేశారు, తక్కువగా. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ ధోరణిని విమర్శించింది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలను బిచ్చగాళ్ళు, వేశ్యలు, ఖైదీలతో పాటు ఉత్పాదక పని చెయ్యనివారిలో కలిపారని కూడా ఎత్తి చూపింది. 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ 2019 కాలవినియోగ సర్వే అంకెలను ఉటంకిస్తూ, గృహిణికి ఊహాత్మక ఆదాయం లెక్కకట్టటం ఆమె శ్రమను గుర్తించటమేనన్నారు. నిమిషాలు లెక్కపెట్టిన ఆ సర్వే పరిహారం తీర్పులో ఇలా పనికొచ్చింది.

అంతమాత్రాన జి.డి.పి.లో ఇంటిపనిని కలిపేస్తే అన్నీ చక్కబడతాయని నేను చెప్పను. అంకె పెరుగుతుంది, ఆమె తెల్లవారుజామున లేవటం మారదు. పైగా "దేశానికి ఇంత విలువ ఇస్తున్నావమ్మా" అని దండ వేసి, అదే పని మళ్ళీ అప్పగించే ప్రమాదం ఉంది. మనకు కావలసింది ఆ గంటలు విడిగా, క్రమం తప్పకుండా కొలవటం. కుళాయి, గ్యాసు, శిశు సంరక్షణ కేంద్రం, పడకలు చాలినంత ఉన్న ఆసుపత్రి ద్వారా వాటిని తగ్గించటం. మిగిలినవాటిని ఇంట్లో మగవాళ్ళతో పంచుకోవటం.

చివరిగా

ఇదంతా విని సిద్ధాంతాలన్నీ పురుషులవి కాబట్టి చదవనక్కర్లేదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. నా విద్యార్థులు జాతీయాదాయాన్ని మూడు పద్ధతుల్లో లెక్కకట్టటం నేర్చుకోవలసిందే, గుణకం సూత్రం రాయవలసిందే. లెక్క రానివాళ్ళు లెక్కను తప్పుపట్టలేరు. ముందు నియమం నేర్పాలి, వెంటనే దాని హద్దు చూపాలి. ఒక్కదానితో ఆపితే మొదటిది బట్టీ అవుతుంది, రెండోది నినాదం అవుతుంది.

మీ దగ్గర నాకో కోరిక ఉంది. మీ జిల్లాల్లోని డిగ్రీ కళాశాలల్లో అర్థశాస్త్రం చెప్పే వాళ్ళను కలవండి. కూలి రేట్లు, రేషను, నీళ్ళు, ఆసుపత్రుల గురించి మీ దగ్గర ఉన్న వివరాలు తరగతికి తెచ్చి ఇవ్వండి. మా పిల్లలను మీ సర్వేలకు తీసుకెళ్ళండి. మీ ఊళ్ళో ఏదైనా ఖర్చు తగ్గించామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యండి: ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, రోజుకు ఎన్ని గంటలు? జవాబును పేర్లు లేకుండా, గంటలతో సహా రాసిపెట్టండి. "డబ్బు ఎక్కడి నుంచి తెమ్మంటారు?" అని ఈసారి ఎవరైనా అడిగితే, "ఇన్నాళ్ళూ ఎక్కడి నుంచి తెచ్చారో ఇదిగో లెక్క" అని ఆ కాగితం వాళ్ళ ముందు పెట్టవచ్చు.